సవరణ: సైడు చక్రాల స్కూటీ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు

పర్లాకిమిడిలో స్కూటీ కొని సైడు చక్రాలు బిగించేసుకుంటే చాలు, ఆర్టీఓ దగ్గరికి ఎళ్లక్కర్లేదు అని మొన్న రాశాను కదా, అది తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి మార్పిస్తే ఆ మార్పు ఆర్సీలో కూడా ఎక్కాలి, మాలాంటి దివ్యాంగుల కోసం మార్చిన బండికి చట్టంలో అడాప్టెడ్ వెహికల్ అని పేరే ఉంది. మెకానిక్ మాట నమ్మి రాసేశాను, ఏటి చేస్తాం.

ఇంకోటి, మలుపులో మామూలు బండిలాగే వంచమన్నాను. అసలది వంగదు! ముందే స్పీడు తగ్గించి హ్యాండిల్ తిప్పాలి, మనం మాత్రం లోపలి పక్కకి ఒరగాలి, లేపోతే లోపలి చక్రం గాల్లోకి లేస్తాది, పాతపట్నం దారిలో నాకదే అయ్యి గుండె జారిపోయింది. వెనక బుట్ట, చేతికర్ర పెట్టుకునే క్లిప్పు గురించి చెప్పినవి మాత్రం కరెక్టే.