మహారాజశ్రీ ‘ఆయ్’ గారికి

మహారాజశ్రీ ‘ఆయ్’ గారి దివ్యసముఖానికి,

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులో ఆరోవంతు వాటాదారుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. చెరువే పోయింది.

తమరు మా గోదావరి గాలిలోనే ఉన్నారు. ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే మా నోట్లోంచి ఊడిపడతారు. పెళ్లి సంబంధాలప్పుడు, బంధువులొచ్చినప్పుడు తమరి సాయం మరువలేనిది. పెట్టుబడి మీటింగుకి కూడా పిలవకుండా వచ్చేస్తారు చూడండి, అక్కడే చిక్కొచ్చింది.

మొన్న వేసవిలో బాబాయి గారి అరుగు మీద చేరాం. కాజాలొచ్చాయి, కాఫీలొచ్చాయి. కాజా నోట్లో ఉండగానే బాబాయి గారు, “ఈసారి ఎకరానికి లక్ష కాదురా, లక్షన్నర పిల్ల వేద్దాం” అన్నారు. “ఆయ్” అన్నాడు బావ. “ఆయ్” అన్నాడు మేత కొట్టాయన. నేనూ అన్నాను. వాళ్లింటి కాజా నములుతూ కాదనడం ఎలాగండి? జేబులు ఆరు, బుర్ర ఒకటి. అంతకుముందు పంటకి రేటు కలిసొచ్చి నాలుగు డబ్బులు మిగిలితే, అదంతా మా తెలివేనని అప్పుడే ఖాయం చేసేసుకున్నాం లెండి.

ముసురు పట్టిన ఓ రాత్రి కరెంటు పోయింది. చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగాయి. జనరేటరు లేవలేదు. తెల్లారేసరికి ఆక్సిజన్ అందక రొయ్యలు పైకి తేలాయి. వంద కౌంటులోనే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే, పట్టేసి, ఇచ్చిన రేటుకి అమ్ముకున్నాం. గట్టు మీద బావ, “నాకప్పుడే అనుమానమొచ్చింది” అన్నాడు. మేత కొట్టాయనకీ వచ్చిందట. ఆలోచిస్తే నాకూ వచ్చింది. ఇన్ని అనుమానాలు ఆ రోజు తమరి పంచె చాటునే కదండీ దాక్కున్నది?

1906లో ఇంగ్లండులో, ప్లిమత్ సంతలో, ఓ ఎద్దుని కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చీటీల మీద రాయమన్నారు. గాల్టన్ అనే ఆయన 787 చీటీలు తీసుకుని వరసగా పేరిస్తే, నడిమి చీటీలో 1207 పౌన్లుంది. 1907లో ఆయన అచ్చేయించిన అసలు తూకం 1198. ఎవరి చీటీ వాళ్లు రాసుకున్నారు కాబట్టి సరిపోయింది. అదే మా బాబాయి గారు ముందుగా ఎద్దు వీపు తట్టి “రెండు వేలుంటుందిరా” అనుంటే, 787 చీటీల్లోనూ రెండు వేలే!

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో ఇంకో ఉపాయం రాశాడు. పని మొదలెట్టకముందే అది చెడిపోయిందనుకుని, ఎందుకు చెడిందో ఎవరికి వారు రాయాలి. కొత్త పంట వేసేముందు, మొన్న ఆదివారం నేనూ చీటీలు పంచాను: “సంక్రాంతికి చెరువు పోయింది. ఎందుకు?” బాబాయి గారి చీటీ ఆఖర్న చదవాలి, కాజాలు ఆ తరవాతే. కాపలా కుర్రాడిక్కూడా ఒకటిచ్చాను.

బావ చీటీలో “బాబాయి గారు ఏం రాస్తే అదే” అని ఉంది. కుర్రాడి చీటీలో: “పోయిన పంట మొదట్లోనే జనరేటరు బ్యాటరీ చచ్చింది. ఇప్పుడూ అదే ఉంది.”

“అప్పుడే చెప్పలేదేంరా?” అన్నాను.

“జనరేటరు బాగానే ఉందిగా అని తమరే అన్నారండి. ఆయ్ అన్నానండి.”

ఇట్లు,
తమరి ఆరోవంతు బాధితుడు