కిటికీలో పడే వెలుగుకు ఎవరి అనుమతి?

రాత్రి పదకొండున్నర. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేశారు. అయినా గదిలో చీకటి నిలవదు. కర్టెన్ వేసిన కిటికీ ఒకసారి ఎర్రబడుతుంది, పది సెకన్లకు తెల్లబడుతుంది, మరో పది సెకన్లకు నీలంగా మారుతుంది. గోడ మీద క్యాలెండరు అంకెలు కనబడి మాయమవుతుంటాయి. నిద్రపోతున్న పసిబిడ్డ ముఖం మీదా అవే రంగులు. తల్లి లేచి కర్టెన్ మీద దుప్పటి కట్టి, అంచుల్లో సందులు లేకుండా పిన్నులు పెడుతుంది. గాలి ఆగిపోతుంది, వెలుగు మాత్రం పైనుంచి సన్నగా కారుతూనే ఉంటుంది. వీధికి అవతల కొత్తగా వెలసిన ఎల్ఈడీ తెర మీద ఒక కారు, ఒక సెల్‌ఫోను, ఒక బ్యాంకు రుణం వరుసగా వచ్చిపోతుంటాయి. ఆ వేళ రోడ్డు మీద వాటిని చూసేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. చూడక తప్పనివాళ్లు ఆ గదిలో ఉన్నారు.

డిజిటల్ హోర్డింగులు మా వీధిలో వద్దంటూ ప్రపంచంలోని ఎన్నో నగరాల్లో జనం సంతకాలు సేకరిస్తున్నారు, అభ్యంతరాలు రాస్తున్నారు, కోర్టు మెట్లెక్కుతున్నారు. వారిని అభివృద్ధికి అడ్డుపడేవారిగా చూడటం పాలకులకు అలవాటైంది. వారు అడుగుతున్నది పూర్తిగా న్యాయమని మా అభిప్రాయం. తెర పెట్టిన గోడకు యజమాని ఉన్నాడు, అతనికి అద్దె ముడుతుంది. ప్రకటనల సంస్థకు లాభం, నగరపాలక సంస్థకు రుసుము. ఆ గోడకు ఎదురుగా బతికేవారిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. వీధిలో కంటికి కనిపించేదంతా ఊరుమ్మడి సొత్తు. దాన్ని ముగ్గురు కూర్చుని పంచుకోవడం తప్పు.

ఇక్కడ ఒక మాట దాపరికం లేకుండా చెప్పాలి. ఈ పత్రిక కూడా ప్రకటనల ఆదాయంతో నడిచేదే. వ్యాపారి తన సరుకు గురించి చెప్పుకోవడం తప్పని మేము ఎన్నడూ అనుకోలేదు. కానీ పత్రిక నచ్చకపోతే పాఠకుడు పేజీ తిప్పుతాడు, మడిచి పక్కన పెడతాడు, రేపటి నుంచి వేయొద్దంటాడు. టీవీకి రిమోట్ ఉంది. వీధిలో తెరకు ఆ వీలు లేదు. బడికి వెళ్లే పిల్లవాడు, ఆసుపత్రి నుంచి వచ్చే రోగి, బస్సు కోసం నిలబడ్డ మనిషి తల తిప్పుకోవాలే గానీ దాన్ని ఆపలేరు. తల తిప్పినా మెరిసి కదిలేదాని వైపు కన్ను తనంతట తానే వెళుతుంది. ఈ వ్యాపారమంతా ఆ సహజ గుణం మీదే నిలబడింది.

పాత హోర్డింగుకూ దీనికీ పెద్ద తేడా ఏముందని అడిగేవారున్నారు. చాలా ఉంది. అతికించిన కాగితమో, గుడ్డో తన మీద పడ్డ వెలుతురును తిప్పి పంపుతుంది, అంతే. ఎల్ఈడీ తెర తానే దీపం. ఎండలో కూడా కనబడాలంటే దానికి 5,000 నిట్లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం), ఆ పైన వెలుగు కావాలి. మామూలు కంప్యూటరు తెర వెలుగు 300 నిట్లకు అటూ ఇటూ. పొద్దుగూకాక ఆ తీవ్రతను తగ్గించకపోతే వీధి వీధంతా పట్టపగలే. తగ్గించే సెన్సర్లు ఉంటాయి నిజమే. అవి పనిచేస్తున్నాయో లేదో ఎవరు చూస్తున్నారు? కొలిచే మీటరు ఎన్ని నగరపాలక సంస్థల దగ్గర ఉంది? ఫిర్యాదు వస్తే ప్రకటనల సంస్థ వారు వచ్చి కాస్త తగ్గిస్తారు, నాలుగు రోజులకు మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క చూస్తే దీని వెనుక ఆత్రం అర్థమవుతుంది. కాగితం హోర్డింగు ఒకసారికి ఒక్క ప్రకటనకే అద్దెకు పోతుంది. డిజిటల్ తెర మీద ఒక్కోటి పది సెకన్ల చొప్పున నిమిషానికి ఆరు నడుస్తాయి. ఒకే స్థలం ఆరుగురికి అమ్ముడుపోతుంది. పైగా నిచ్చెన వేసి అతికించే మనిషి అక్కర్లేదు, ఎక్కడో ఆఫీసులో కూర్చుని మార్చేయొచ్చు. అందుకే పాతవాటిని మార్చుకోవడానికి సంస్థలు అంత తొందరపడతాయి. ఆరింతలయ్యే బేరంలో ఎదురింటివాళ్ల వాటా రోజుకు వేలసార్లు రంగు మారే గోడ.

రోడ్డు భద్రత సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి రెండు సెకన్లలో 33 మీటర్లు దాటుతుంది. రెండు సెకన్లకు మించి కళ్లు రోడ్డు మీద నుంచి తొలగితే ప్రమాద అవకాశం రెట్టింపవుతుందని అమెరికాలో వంద కార్లకు కెమెరాలు పెట్టి చేసిన అధ్యయనం 2006లో తేల్చింది. స్వీడన్‌లో 41 మంది డ్రైవర్లతో చేసిన పరిశోధనలో, మిగతా బోర్డుల కన్నా ఎలక్ట్రానిక్ హోర్డింగుల మీద చూపు ఎక్కువసేపు నిలుస్తున్నట్టు తేలింది. అక్కడి రవాణా శాఖ వాటిని తీయించేసింది. మరోవైపు, డ్రైవర్ల చూపు ప్రమాదకరమైనంత సేపు తెర మీద ఆగడం లేదని అమెరికా ఫెడరల్ హైవే శాఖ అధ్యయనం 2013లో చెప్పింది. ప్రకటనల సంస్థలు ప్రతి సభలోనూ దీన్నే చూపిస్తాయి. సాక్ష్యం రెండు వైపులా ఉన్నప్పుడు ముందు తెర పెట్టి తర్వాత ప్రమాదాలు లెక్కపెట్టడం ఏం పద్ధతి? హాని లేదని రుజువు చేయాల్సిన బాధ్యత లాభం పొందేవారిదే. రోడ్ల పక్కన ట్రాఫిక్‌కు ప్రమాదకరంగా ఉన్న హోర్డింగులను ఢిల్లీలో తొలగించాలని భారత సుప్రీంకోర్టు 1997లోనే ఆదేశించింది. అప్పటికి ఇవి కదలని బొమ్మలు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది జనం మాటకు చట్టాలు గీసిన గిరి. ఇంగ్లండ్‌ను చూడండి. అక్కడ 2007 నాటి ప్రకటనల నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక కౌన్సిలు రెండే విషయాలు పరిశీలించాలి: పరిసరాల అందం, సౌకర్యం ఒకటి, ప్రజల భద్రత రెండోది. ప్రకటనలో ఏముందో, ఎంత కరెంటు కాలుతుందో, పిల్లల మనసు మీద ఏ ముద్ర పడుతుందో రాసినా లెక్కలోకి రాదు. గుండెలో ఉన్న బాధ ఒకటి, కాగితం మీద పెట్టాల్సిన మాట మరొకటి. ‘మా అమ్మాయికి నిద్ర పట్టడం లేదు’ అని రాయాలనుకున్నవాడు దాన్ని ‘నివాస సౌకర్యానికి భంగం’ అని తిరగరాసుకోవాలి. బ్రిస్టల్ నగరంలో 2017లో మొదలైన ‘యాడ్‌బ్లాక్ బ్రిస్టల్’ బృందం చేస్తున్న పనిలో పెద్ద భాగం ఇదే. దరఖాస్తు ఎప్పుడు పడిందో కనిపెట్టి ఇరుగుపొరుగుకు చెప్పడం, గడువులోగా చెల్లే భాషలో అభ్యంతరాలు రాయించడం. పగలంతా ఉద్యోగాలు చేసుకునే మనుషులు సాయంత్రాలు కూర్చుని, జీతం తీసుకుని అదే పని చేసే సలహాదారులతో తలపడుతున్నారు. దరఖాస్తు తిరస్కరణకు గురైతే సంస్థ అప్పీలుకు వెళుతుంది, లేదా కొలతలు కాస్త మార్చి మళ్లీ వేస్తుంది. వీధివాళ్లు ప్రతిసారీ గెలవాలి. సంస్థ ఒక్కసారి గెలిస్తే చాలు.

దొడ్డిదారులు వేరే ఉన్నాయి. ఫోన్ బూత్‌ల కథ అటువంటిదే. చేతుల్లో సెల్‌ఫోన్లు వచ్చాక వీధి ఫోన్లతో ఎవరికీ పని లేకుండా పోయింది. అయినా బ్రిటన్ నగరాల్లో కొత్త బూత్‌లకు దరఖాస్తులు వెల్లువెత్తాయి. ఫోన్ బూత్‌కు పూర్తిస్థాయి అనుమతి అక్కర్లేదన్న పాత వెసులుబాటు వాటికి అక్కరకొచ్చింది. బూత్‌కు ఒక వైపు ఫోను, మరో వైపు ప్రకటనల తెర. లండన్ వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ దీని మీద హైకోర్టుకు వెళ్లింది. ప్రకటనల కోసం కూడా కట్టే బూత్‌కు ఆ వెసులుబాటు వర్తించదని 2019లో తీర్పు వచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం ఆ మినహాయింపునే తీసేసింది.

లాస్ ఏంజెలెస్‌ది మరో పాఠం. 2002లో ఆ నగరం కొత్త హోర్డింగులను నిషేధించింది. సంస్థలు దావా వేశాయి. 2006లో నగర కౌన్సిల్ రెండు పెద్ద సంస్థలతో రాజీకి వచ్చి, 840 పాత హోర్డింగులను డిజిటల్‌గా మార్చుకోవచ్చని సంతకం పెట్టింది. బహిరంగ విచారణ లేదు, వీధివాళ్లకు కబురు లేదు. ఒక సాయంత్రం కిటికీ తీస్తేనే తెలిసింది. సుమారు వంద తెరలు వెలిగాక జనాగ్రహం కట్టలు తెంచుకుంది. సొంత చట్టాన్ని పక్కనబెట్టి అలా ఒప్పందం చేసుకునే అధికారం నగరానికి లేదని 2009లో కోర్టు తేల్చింది, 2012 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్నే బలపరిచింది. 2013లో తెరలు ఆరిపోయాయి. ఆ ఒప్పందం మీద దావా వేసింది మాత్రం పోటీ ప్రకటనల సంస్థే. జనానికి ఆ పాటి న్యాయం దక్కడానికి కూడా మరో వ్యాపారి కావలసి వచ్చింది.

నగరపాలక సంస్థలు ఇందుకెందుకు లొంగుతాయన్నది తేలికగా తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. 1964లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాన్ క్లోద్ దెకో అనే ప్రకటనల వ్యాపారి ఒక ఉపాయం పట్టాడు. బస్ షెల్టర్లు ఉచితంగా కట్టి నిర్వహిస్తాను, వాటి మీద ప్రకటనలు వేసుకుంటాను అన్నాడు. పైసా ఖర్చు లేకుండా ప్రయాణికుడికి నీడ దొరికింది. ప్రపంచమంతా ఆ బాట పట్టింది. ఖజానా ఖాళీగా ఉన్న నగరానికి అది ఎంత ఆకర్షణో మాకు తెలుసు. కానీ ఉచితమన్నది పుస్తకాల్లోనే. దాని ఖరీదు ప్రకటన చూసేవారి చూపుతో, ఆ సరుకు కొనేవారి జేబుతో చెల్లిస్తున్నాం. పన్ను వేయాలంటే కౌన్సిల్‌లో చర్చ జరగాలి, ఓటరుకు జవాబు చెప్పాలి. ఈ వసూలుకు చర్చా లేదు, రసీదూ లేదు.

ఇప్పుడు ఈ తెరలు మనల్ని చూడటం మొదలుపెట్టాయి. 2013లో లండన్ ఆర్థిక కేంద్రంలో తెరలున్న చెత్తబుట్టలు, పక్కనుంచి వెళ్లేవారి ఫోన్ల వై-ఫై గుర్తులను నమోదు చేస్తున్నట్టు బయటపడగానే ఆపించారు. 2018లో బ్రెజిల్‌లోని సావో పాలో మెట్రోలో ఒక లైన్ ప్లాట్‌ఫామ్ తలుపుల మీది తెరలు ప్రయాణికుల ముఖ కవళికలను చదువుతున్నాయని వినియోగదారుల సంఘం కోర్టుకెక్కి ఆపు చేయించింది. తెర పెట్టడానికి ఇచ్చిన అనుమతి కెమెరా పెట్టడానికి కూడా ఇచ్చినట్టేనని ఏ నగరమూ ఊరుకోకూడదు.

అత్యవసర సమయాల్లో హెచ్చరికలు చూపిస్తాం, ఆ తెర ప్రజలకే మేలు అన్న వాదన ఒకటి వినిపిస్తుంది. హెచ్చరికలకు తెర కావాలంటే హెచ్చరికల తెరే పెట్టండి. ఏడాదికి రెండు రోజుల హెచ్చరిక కోసం మిగతా రోజులన్నీ ప్రకటనలు చూడమనడం బేరం కాదు.

వద్దన్న నగరాలు ఏమైపోయాయి? సావో పాలో మేయరు జిల్బెర్తో కసాబ్ హయాంలో తెచ్చిన ‘శుభ్ర నగర’ చట్టం 2007 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాదాపు 15,000 హోర్డింగులు దిగిపోయాయి. పాత భవనాల ముఖాలు బయటపడ్డాయి, వాటి వెనుక ఇన్నాళ్లూ కనబడని మురికివాడలూ బయటపడ్డాయి. చూడాల్సినవే అవి. వ్యాపారాలు మూతపడలేదు. తర్వాత బస్ షెల్టర్లు, వీధి గడియారాల మీద ప్రకటనలకు మళ్లీ తలుపు తీశారు, హోర్డింగుల నిషేధం మాత్రం నిలిచింది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరం 2014 చివర్లో తన ప్రకటనల ఒప్పందాన్ని పొడిగించకుండా 326 బోర్డులు తీసేయించి, కొన్నిచోట్ల చెట్లు నాటుతామని ప్రకటించింది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1968లోనే హోర్డింగులను నిషేధించింది, దశాబ్దాలుగా అవి లేకుండానే బతుకుతోంది. ప్రతి చోటా జనమే గెలిచారని చెప్పడం లేదు. జెనీవాలో 2023 మార్చి ఓటింగులో వాణిజ్య ప్రకటనల నిషేధం ప్రతిపాదన స్వల్ప తేడాతో వీగిపోయింది. కానీ పక్కనే ఉన్న వెర్నియే పట్టణం తెచ్చిన నిషేధం చెల్లుతుందని స్విట్జర్లాండ్ అత్యున్నత న్యాయస్థానం 2024లో తీర్పు చెప్పింది. ఓడిపోయినా జెనీవాలో జనాన్ని అడిగారు. మేము కోరేది ముందు ఆ అడగడమే.

చీకటి కూడా ఊరిది. 2011, 2022 మధ్య రాత్రి ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున ప్రకాశవంతమైందని వేల మంది పౌరుల పరిశీలనల ఆధారంగా 2023లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వందే మిగులుతాయి. ఆ పాపమంతా హోర్డింగులదే కాదు. కానీ వీధి దీపానికి ఒక ప్రయోజనం ఉంది, ఎవరూ లేని రోడ్డు మీద మెరిసే ప్రకటనకు ఏముంది? ఇంధన కొరత వచ్చిన 2022లో ఫ్రాన్స్ అర్ధరాత్రి ఒంటిగంట నుంచి ఉదయం ఆరు వరకు వెలుగు ప్రకటనలు ఆర్పేయాలని దేశమంతటికీ నిబంధన పెట్టింది. ఆర్పేయడం సాధ్యమేనని తేలిపోయింది.

కొత్త డిజిటల్ తెరలకు ఇక అనుమతులు ఆపాలి. పాత హోర్డింగును తెరగా మార్చుకోవడాన్ని మరమ్మతుగా చూడకుండా కొత్త దరఖాస్తుగానే తీసుకోవాలి. ఉన్నవాటిని రాత్రి పది తర్వాత ఆర్పించాలి, వెలుగును సంస్థ మాట మీద కాకుండా నగరమే కొలవాలి. అభ్యంతరంలో ఏం రాయాలో జనానికే వదిలేయాలి, నిద్ర గురించి రాసినా చెల్లాలి. నోటీసు ఎక్కడో వెబ్‌సైటు అడుగున కాకుండా తెర కనబడే ప్రతి ఇంటి తలుపుకూ చేరాలి. అయినా అనుమతి ఇవ్వాలనుకుంటే, సంతకం పెట్టే అధికారి ఆ తెరను ఒక రాత్రి తాత్కాలికంగా వెలిగించి, ఎదురింటివారు ఒప్పుకుంటే వారి పడకగదిలో దీపం ఆర్పి ఓ గంట కూర్చోవాలి. కర్టెన్ మీద ఎన్ని రంగులు మారాయో, ఆ ఇంటివారు ఏమన్నారో తన చేతిరాతతో దరఖాస్తుకు జతచేయాలి.