స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఎంత ఇవ్వాలి? కర్నూలు లెక్క

కర్నూలులో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు స్ట్రక్చరల్ ఇంజనీరుకు, అంటే పునాది, పిల్లర్లు, బీములు ఎంత బలంగా ఉండాలో లెక్క కట్టే మనిషికి, ఫోను చేసి అడిగే మొదటి మాట "అడుగుకు ఎంత తీసుకుంటారు?" అని. కల్లూరు వైపు వెంచర్లో మూడు సెంట్లు కొన్నవారైనా, పాతబస్తీలో తాతల నాటి మిద్దె పడగొట్టి కడుతున్నవారైనా ఇదే ప్రశ్న. జవాబులు మాత్రం పొంతన లేకుండా వస్తాయి. చదరపు అడుగుకు 3 రూపాయలు చాలనేవారున్నారు, 15కు తగ్గం అనేవారున్నారు, "పని మాకిస్తే డిజైను ఉచితం" అనే కాంట్రాక్టర్లు సరేసరి. ఇన్ని ధరలు విన్నాక మనిషి తక్కువ దాని వైపే మొగ్గుతాడు. ఆ 3 రూపాయలకు చేతికి వచ్చేదేమిటని అడిగేవారు తక్కువ.

అసలు చాలామందికి తాము దేనికి డబ్బు కట్టారో కూడా స్పష్టంగా తెలియదు. నగరపాలక సంస్థ అనుమతి కోసం ప్లాను గీసి ఆన్‌లైన్‌లో పెట్టే నిపుణుణ్ణి ఎల్‌టీపీ అంటారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎత్తు, ఇవన్నీ ఆయన చూసుకుంటాడు. అనుమతి చేతికొచ్చిందంటే ఇంజనీరు పని కూడా అయిపోయినట్టే అనుకుంటారు ఇంటివాళ్లు. కానీ ఆ ప్లానులో గోడ ఎక్కడ వస్తుందో ఉంటుందే తప్ప పునాది ఎంత లోతు దిగాలో, పిల్లరులో ఏ సైజు కడ్డీలు ఎన్ని పడాలో ఉండదు. కాగితాల దొంతరలో స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ఉన్నా, ఆయన స్థలం మొహం చూడకుండానే పెట్టి ఉండవచ్చు. అది సంతకం ధర, డిజైను ధర కాదు. ఆర్కిటెక్టులకైతే 1972 చట్టం కింద ఒక మండలి ఉంది. ఇంజనీర్లకు దేశవ్యాప్తంగా అలాంటి చట్టబద్ధమైన మండలి లేదు కాబట్టి బోర్డు మీది మాటను బట్టి మనిషిని అంచనా వేయలేం. ఎంటెక్‌లో స్ట్రక్చర్స్ చదివారా, ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లు చేశారు, వాటిలో రెండు చూపిస్తారా అని మొహమాటం లేకుండా అడగాలి.

ఈ ఊరి పేరు పట్టి చెప్పడానికి కారణముంది. 2016 నాటి భారతీయ ప్రమాణం (ఐఎస్) 1893 భూకంప పటంలో కర్నూలు రెండో జోన్‌లో ఉంది, అంటే ఆ పటంలో అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న జోన్. ఇక్కడ ఇంటిని పగలదీసేది ఎక్కువగా కాళ్ల కింది మట్టే. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. అదే వీధిలో నాలుగిళ్ల అవతల గరుసో, నాపరాయి పొరో తగలవచ్చు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి నగరం మునిగినప్పటి నుంచి పల్లపు కాలనీలలో స్థలాలను మట్టి పోసి ఎత్తు చేయడం మామూలైపోయింది. ఆ పోసిన మట్టి ఎన్ని అడుగులుందో తెలియకుండా ఫుటింగు (పిల్లరు కింద బరువును నేలకు పంచే కాంక్రీటు దిమ్మ) లెక్క వేయడం గాలిలో లెక్క వేయడమే. ఎక్కడో బెంగళూరులో కూర్చుని అడుగుకు ఇంతని ఆన్‌లైన్‌లో డిజైను పంపేవారి మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. సాఫ్ట్‌వేరు బీములను చక్కగా లెక్క కడుతుంది, కానీ మట్టి బలం అని మనం ఏ అంకె ఇస్తే దాన్నే నమ్ముతుంది.

మట్టి పరీక్ష అనగానే "మన వీధిలో ఎవరూ చేయించలేదు" అంటారు. నల్లరేగడి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష చాలా తేలికైనది. ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేస్తారు. ఒకదాంట్లో కిరోసిను, రెండోదాంట్లో స్వేదనజలం నింపి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసినులో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. అక్కడ 10 మిల్లీలీటర్ల గీత దగ్గర ఉన్నది ఇక్కడ 16 దగ్గరికి వచ్చిందంటే ఉబ్బు 60 శాతం. 50 దాటితే మామూలు ఫుటింగు వేసి చేతులు దులుపుకోవడానికి లేదు. ఇంకా లోతుకు వెళ్లాలా, నల్లమట్టి తీసేసి ఉబ్బని మట్టి పొర వేయాలా, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినట్టు నేలలోకి స్తంభంలా దిగి అడుగున గుబ్బలా వెడల్పయ్యే పైల్ పునాదులు వేయాలా అన్నది అప్పుడు ఇంజనీరు తేల్చాలి. ఆయనకు మనం నిజంగా డబ్బిచ్చేది ఈ నిర్ణయానికి. బోరు వేసి చేసే పూర్తి పరీక్ష ఖర్చు వేరే ఉంటుంది, దాన్ని ఇంజనీరు ఫీజులో కలిపి బేరమాడకూడదు.

ఇక అంకెలు. మూడు సెంట్లలో కింద ఒకటి, పైన ఒకటి, మొత్తం 2,000 చదరపు అడుగుల ఇల్లు అనుకుందాం. అడుగుకు 1,900 రూపాయలు వేసుకున్నా నిర్మాణం 38 లక్షలు. స్థలానికి వచ్చి, మట్టి నివేదిక చదివి, పూర్తి డ్రాయింగులిచ్చి, నాలుగైదు సార్లు పని దగ్గరికి వచ్చే ఇంజనీరుకు అడుగుకు 10 నుంచి 15 రూపాయలు న్యాయమని నా అభిప్రాయం. 12 రూపాయల చొప్పున 24,000. మొత్తం ఖర్చులో ఒక శాతం కూడా కాదు, టేకు సింహద్వారానికి పెట్టే డబ్బు కంటే తక్కువే. అదే ఇంటికి అడుగుకు 4 కిలోల చొప్పున 8 టన్నుల ఇనుము పడుతుంది. కిలో 60 రూపాయలైతే 4,80,000. లెక్క లేనప్పుడు మేస్త్రీ భయానికి "ఇంకో రెండు కడ్డీలు వేద్దాం సార్" అంటూ పోతాడు. అలా పదో వంతు ఎక్కువ పడితే 48,000, ఇంజనీరు ఫీజుకు రెట్టింపు. ఫీజు మాత్రం నిర్మాణ ఖర్చులో ఇంత శాతమని ఒప్పుకోవద్దు. ఖర్చు పెరిగితే ఆయనకు లాభం వచ్చే ఒప్పందం ఇంటివాళ్లకు ఎందుకు?

ఎక్కువ ఇనుము వేయడంలో ఇంకో చిత్రముంది. పడాల్సిన చోట అది పడదు. పిల్లరులో నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులనే తీసుకోండి. కాంక్రీటు పనికి ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం రింగుల మధ్య దూరం, మిగతా షరతులతో పాటు, సన్నని నిలువు కడ్డీ మందానికి 16 రెట్లు మించకూడదు. 12 మిల్లీమీటర్ల కడ్డీకి అది 192 మిల్లీమీటర్లు, సుమారు ఏడున్నర అంగుళాలు. పనిలో తొమ్మిది, పది అంగుళాలకు ఒక రింగు కట్టి సరిపెడతారు. బాల్కనీ సంగతి మరీ ఘోరం. బయటికి పొడుచుకు వచ్చే స్లాబులో ప్రధాన కడ్డీలు పైవైపు ఉండాలి. కట్టేటప్పుడు పైనే ఉంటాయి. కాంక్రీటు పోసే రోజు కూలీలు వాటి మీదే నడుస్తారు, వాటిని ఎత్తిపట్టే కుర్చీలు (వంచిన కడ్డీ ముక్కలు) కింద చాలినన్ని లేకపోతే అవి తొక్కుడుకు కిందికి దిగిపోతాయి. పైన కాంక్రీటు కప్పేశాక తప్పు కంటికి కనిపించదు.

కాబట్టి బేరం అడుగు ధర మీద ఆడే బదులు ఎన్నిసార్లు వస్తారన్నది కాగితం మీద రాయించుకోవడం మేలు. పునాది గుంతలు తవ్వినప్పుడు, ఫుటింగు కడ్డీలు కట్టాక, ప్రతి స్లాబుకూ కాంక్రీటు పోసే ముందురోజు తప్పనిసరిగా రావాలి. ఇవి వద్దని రెండు వేలు తగ్గించుకునేవాళ్లు సగం డిజైనును వదులుకుంటున్నట్టే.

పై అంతస్తు విషయమూ మొదటి రోజే చెప్పాలి. కర్నూలులో ఏ మేడ ఎక్కి చూసినా చుట్టూ డాబాల మీద తుప్పు పట్టిన కడ్డీలు నిలబడి ఉంటాయి, "రేపు పైన వేసుకుంటాం" అని వదిలినవి. కింద ఫుటింగు ఆ బరువుకు లెక్క వేసి ఉంటేనే ఆ కడ్డీలకు అర్థం. పదేళ్ల తర్వాత పిలిస్తే పాత డ్రాయింగులు లేక, పునాది పక్కన తవ్వి చూసి, కాంక్రీటుకు పరీక్షలు చేయించి చెప్పాల్సి వస్తుంది. దాన్ని అడుగు లెక్కన అడగడం కుదరదు, పనిని బట్టి మాట్లాడుకోవాల్సిందే. దూలాలు, దంతెల మీద బేతంచెర్ల నాపరాళ్లు పరిచి, బురద మట్టితో గోడలు కట్టిన పాత మిద్దెల మీద స్లాబు వేద్దామనే ఆలోచన మాత్రం ఎంత ఫీజిచ్చినా మానుకోవడమే మంచిది. ఆ కాలంలో రాయి పొడవే గది వెడల్పును నిర్ణయించేది, ఇంజనీరు అవసరం పడలేదు. ఇప్పుడు ఇరవై అడుగుల హాలు మధ్యలో పిల్లరు లేకుండా కావాలంటున్నాం.

వాస్తు సిద్ధాంతిని డ్రాయింగులకు ముందే పిలిపించుకోండి. డిజైను పూర్తయ్యాక ఆయన మెట్లను నైరుతికి జరపమంటే పిల్లర్లు, బీములు, ఫుటింగులు అన్నీ కదులుతాయి, ఇంజనీరు మళ్లీ డబ్బు అడిగితే తప్పు ఆయనది కాదు.

ఇంజనీర్ల వైపూ లోపాలున్నాయి. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వరు, సగం పనిలో "ఇది మన మాటలో లేదు కదా" అంటారు. జీఎస్టీ పేరిట గందరగోళమూ ఉంది. ఈ సేవకు 18 శాతం పన్ను ఉన్న మాట నిజమే, కానీ ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి సాధారణంగా నమోదు అవసరం లేదు. నమోదు నంబరు లేనివారు పన్ను వసూలు చేయకూడదు. బిల్లు మీద నంబరు చూసే ఇవ్వండి. చెల్లింపును మూడు వాయిదాలు చేసుకోవచ్చు: మొదట కొంత, పూర్తి డ్రాయింగులు అందాక పెద్ద భాగం, చివరి పైస్లాబు కడ్డీలు చూసి సంతకం చేశాక మిగిలింది. ఈ చివరి వాయిదా ఐదు వేలైనా సరే, ముందే ఇచ్చేయకండి.