పరుగు పందేల నుంచి వచ్చినవారు బరువులెత్తలేరా? ఒక ప్రచారానికి ఖండన

పరుగు, సైక్లింగ్, ఈత పందేల్లో ఏళ్ళ తరబడి పాల్గొన్నవారు ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ జోలికి పోకూడదని చెప్పే సందేశమొకటి కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. వారి కండరాలు బలానికి పనికిరాకుండా పోయాయనీ, పన్నెండేళ్ళలోపు మొదలుపెట్టకపోతే స్నాచ్ (బార్‌ను నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) ఇక రాదనీ, మోకాళ్ళు పోవడం ఖాయమనీ అందులోని వాదన. పదేళ్ళు 800 మీటర్ల పోటీల్లో పరుగెత్తి, ముప్పై మూడో ఏట బార్‌బెల్ పట్టినవాణ్ణి కనుక జవాబు చెప్పక తప్పడం లేదు.

పరుగు బలాన్ని తినేస్తుందని 1980లోనే రుజువైందన్నది మొదటి మాట. ఆ ఏడాది రాబర్ట్ హిక్సన్ అధ్యయనం వెలువడిన మాట నిజమే. అయితే పది వారాల ఆ ప్రయోగంలో ఒక బృందం బలానికి, మరొకటి దమ్ముకు, మూడోది రెండింటికీ ఏకకాలంలో సాధన చేయగా, ఆ మూడో బృందానికే చివరి వారాల్లో బలం పెరగడం ఆగి, కొంత తగ్గింది. ఒకప్పుడు పరుగెత్తి మానేసినవారి గురించి అది ఏమీ చెప్పలేదు. పైగా పందేల వాళ్ళందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం: 100 మీటర్ల పరుగు స్నాచ్‌కు దగ్గరి చుట్టమైతే, మారథాన్ పెళ్ళికి పిలవనక్కరలేని చుట్టం.

రెండోది వయసు. మన కరణం మల్లీశ్వరి చిన్ననాడే మొదలుపెట్టబట్టే 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిందంటారు. తొందరగా మొదలుపెట్టడం మేలన్నదానితో నాకు పేచీ లేదు. కానీ అదే సిడ్నీలో 48 కిలోల విభాగంలో స్వర్ణం దక్కిన అమెరికా లిఫ్టర్ టారా నాట్, జిమ్నాస్టిక్స్, ఫుట్‌బాల్ తర్వాత ఇరవై దాటాకే ఈ ఆటలోకి వచ్చింది. టోక్యోలో రజతం, పారిస్‌లో కాంస్యం గెలిచిన బ్రిటన్ లిఫ్టర్ ఎమిలీ క్యాంప్‌బెల్ షాట్‌పుట్ నుంచి వచ్చింది. వీరిద్దరివీ పందెపు ఆటలు కావు. వయసు వాదనను కొట్టివేయడానికి మాత్రం చాలు.

మోకాళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2017లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం వెయిట్‌లిఫ్టింగ్‌లో వెయ్యి గంటల సాధనకు గాయాలు 2.4 నుంచి 3.3, సరదాకు పరుగెత్తేవారిలో 2015 నాటి మరో సమీక్ష చూపిన సంఖ్య 7.7. గాయాన్ని లెక్కించే పద్ధతులు వేరు కనుక పక్కపక్కన పెట్టి గెలుపోటములు తేల్చలేం గానీ, ఖాయమన్న మాట మాత్రం నిలవదు.

ఇక ఆ సందేశం మనపై దయతలచి ఒప్పుకున్న ఒకే ఒక్క సుగుణం ఉంది: దమ్మున్నవారు కాబట్టి సెట్ల (ఒక్కో విడత ఎత్తుల) మధ్య విశ్రాంతి పెద్దగా అక్కరలేదట. అన్నింటిలోకీ ఎక్కువ చెడు చేసేది ఇదే. నేనూ మొదటి మూడు నెలలు అలాగే నమ్మాను. నిమిషంలోపే ఊపిరి కుదుటపడేది, వెంటనే బార్ దగ్గరికి నడిచేవాణ్ణి. అయిదో సెట్ వచ్చేసరికి బార్ తొడలకు ఆనుకుని లేవాల్సింది పోయి ఒంటికి దూరంగా జరిగి ముందుకు పడేది. కొద్ది సెకన్లలో ముగిసే ఎత్తుకు కండరంలో నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ ముఖ్యమైన ఇంధనం. అది తిరిగి నిండడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, గుండె త్వరగా నెమ్మదించినంత మాత్రాన అది నిండినట్టు కాదు. ఇంకో అలవాటు బార్‌ను నేల నుంచి లాగే మొదటి దశలోనే బయటపడింది. నేల నుంచి మోకాలి దాకా నిదానంగా, ఆ పైన ఒక్క ఉదుటున లేపాల్సిన బార్‌ను మొదట్లోనే గుంజేవాణ్ణి. "ఇంకా పిస్టల్ మోగలేదయ్యా, ఎందుకా తొందర?" అనేవారు మా కోచ్. బొటనవేలిని మిగతా వేళ్ళ కింద ఇరికించి బార్ పట్టే హుక్ గ్రిప్‌లో కలిగిన నొప్పి రెండు వారాల్లో పోయింది, ఈ తొందర పోవడానికి ఏడాది పట్టింది. చీలమండలు బిగుసుకుపోయి పూర్తి స్క్వాట్‌లో, అంటే గొంతుక్కూర్చున్నప్పుడు, మడమలు లేచిపోవడం కూడా నిజమైన అడ్డంకే, దాన్ని ఆ సందేశం ప్రస్తావించనే లేదు.

పైగా మెత్తటి రన్నింగ్ షూలతోనే సాధన చేయవచ్చని చివర సలహా ఇచ్చింది. బరువు కింద ఆ మెత్తదనం అణిగి పాదం ఊగుతుంది. లిఫ్టింగ్ షూలకు గట్టి అడుగు పెట్టింది అందుకే, ఎత్తైన మడమ పెట్టింది చీలమండలు బిగుసుకున్నా లోతుగా కూర్చోవడానికి.