డబ్బెక్కడిదయ్యా?

అమెరికా రాజకీయాల్లో మహా బాధ్యత గల ప్రశ్న ఒకటుంది: "డబ్బెక్కడిది?" ఎవరు అడిగినా పెద్దమనిషిలా కనిపిస్తారు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి అడిగితే మరీనూ. కాకపోతే దీనిది కుంభకర్ణుడి నిద్ర. యుద్ధానికి లేవదు, పన్నుల కోతకు లేవదు. జబ్బుపడ్డ వాడికి బీమా ఇప్పిద్దామని ఎవరైనా గొణిగితే చాలు, దిగ్గున లేచి కూర్చుంటుంది.

2003లో మెడికేర్‌కు, అంటే ప్రధానంగా పెద్దవయసు వాళ్ల ఆరోగ్య బీమాకు, మందుల పథకం తగిలించారు. పదేళ్లకు దాదాపు 40 వేల కోట్ల డాలర్ల ఖర్చని అంచనా. దానికోసం కొత్త పన్నేమీ వేయలేదు. పైగా మందుల కంపెనీలతో ప్రభుత్వం ధర బేరమాడకూడదని చట్టంలోనే రాసుకున్నారు. అప్పట్లో కోట్లమందికి టోకున మందులు కొనేవాడు బేరమాడకూడదట! తెల్లవారుజామున దాదాపు మూడు గంటలు ఓటింగ్ సాగదీసి మరీ నెగ్గించారు. మన ప్రశ్నగారు పక్క మీద నుంచి కదల్లేదు.

2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. బీమా విస్తరణకు పదేళ్లలో 94 వేల కోట్ల డాలర్లు కావాలని కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) బడ్జెట్ ఆఫీసు లెక్క కట్టింది. కొత్త పన్నులూ, ఖర్చుల కోతలూ కలిపి చూస్తే లోటు 14,300 కోట్లు తగ్గుతుందని కూడా చెప్పింది. అంటే డబ్బెక్కడిదో ముందే చెప్పి చేసిన చట్టం. సరిగ్గా దాని మీదే దేశం దివాలా తీస్తుందని గగ్గోలు పెట్టారు. గగ్గోలు పెట్టిన కాంగ్రెస్ సభ్యుల సొంత బీమా ప్రీమియంలో పెద్ద వాటా కట్టేది ప్రభుత్వమే, అది వేరే సంగతి.

ఆ చట్టం ఇంకా చర్చలో ఉండగా, 2009 వేసవిలో, సౌత్ కరోలినాలో రిపబ్లికన్ ప్రతినిధి బాబ్ ఇంగ్లిస్ పెట్టిన సభలో ఒకాయన లేచి, నా మెడికేర్ జోలికి ప్రభుత్వం రాకూడదని హెచ్చరించాడు. మెడికేర్ ప్రభుత్వానిదే, 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టినప్పటినుంచీ. ఇంగ్లిస్ ఆ మాట చెప్పబోతే ఆయన ఒప్పుకోలేదు. నాకు ఈయనంటే వల్లమాలిన అభిమానం. ఆయన మర్నాటి దినచర్య ఊహించుకుంటూ ఉంటాను. పొద్దున్నే సర్కారు రోడ్డు మీద కారు వేసుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్తాడు. బిల్లు సర్కారుకు పోతుంది. ఇంటికొచ్చేసరికి సర్కారు పోస్ట్‌మ్యాన్ సర్కారు పెన్షన్ చెక్కు పడేసి ఉంటాడు. దాన్ని సర్కారు పూచీ ఉన్న బ్యాంకులో వేసి, అందులోంచి కొంత తీసి రంగు డబ్బా కొంటాడు. వరండాలో కూర్చుని అట్ట మీద శ్రద్ధగా రాస్తాడు: "సోషలిజం నశించాలి." సాయంత్రం ఉద్యోగంతోపాటు బీమా కూడా పోగొట్టుకున్న పక్కింటాయన కనిపిస్తే నిజంగానే జాలిపడతాడు. "పాపం, నీకూ ఏదో ఒకటి చేయాలి. కానీ డబ్బెక్కడిది చెప్పు?"

2025 జూలైలో పన్నుల కోత చట్టం వచ్చింది. దానివల్ల పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందనీ, కోటిమందికి బీమా పోతుందనీ అదే బడ్జెట్ ఆఫీసు చెప్పింది. ప్రశ్నగారు గురక పెట్టారు. అక్టోబరులో, ఒబామా చట్టం కింద బీమా కొనుక్కునేవాళ్ల ప్రీమియం రాయితీలు పొడిగించమని డెమొక్రాట్లు పట్టుబట్టగానే మెలకువ వచ్చింది. ఖర్చుల బిల్లు ఆగిపోయి ప్రభుత్వం 43 రోజులు మూతబడింది. రాయితీలు మాత్రం పొడిగించలేదు.

ఇంతకీ ఇది డబ్బు లేని దేశమా? 2023లో వైద్యానికి 4.9 లక్షల కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. జీడీపీలో 17.6 శాతం. సంపన్న దేశాల్లో అంత ఖర్చు పెట్టేది మరొకటి లేదు. డబ్బు ఉంది. ఎవరి జేబులోకి వెళ్తోందన్నదే అడగకూడని ప్రశ్న.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు 1923లో పేటెంటును తలా ఒక్క డాలరు తీసుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అమెరికాలో 1990లలో 21 డాలర్లకు మొదలైన ఒక రకం ఇన్సులిన్ సీసా రెండు దశాబ్దాల్లో 250 దాటింది. కొనలేక డోసు తగ్గించుకుని చచ్చిపోయినవాళ్లున్నారు. కుర్రవాళ్లు! మందు లేక కాదు, షాపులో సీసా ఎదురుగా ఉండగానే. 2022 ఆగస్టులో, ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకు కూడా ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు మించకూడదన్న ప్రతిపాదన సెనేట్‌కు వచ్చింది. 60 ఓట్లు కావాలి. 57 మంది సరే అన్నారు, 43 మంది కాదన్నారు. ఆ 43 పేర్లూ సెనేట్ రికార్డులో ఉన్నాయి. చూడటానికి పైసా ఖర్చు లేదు.