ఇంట్లో అనుమానం, ఇరాక్‌లో నమ్మకం

అమెరికా బలంతో ఇతర దేశాల్లో ప్రజాస్వామ్యం నాటవచ్చని నమ్మిన మేధావులు నియోకాన్లు, అంటే నవ సంప్రదాయవాదులు. వాళ్ల కథలో నాకు మింగుడుపడనిది ఇరాక్ యుద్ధం ఒక్కటే కాదు. దానికి ముప్పై ఎనిమిదేళ్ల ముందు తాము చెప్పిన మాటను తామే మరచిపోవడం.

1965లో ఇర్వింగ్ క్రిస్టల్, డేనియల్ బెల్ కలిసి ‘పబ్లిక్ ఇంటరెస్ట్’ పత్రికను ప్రారంభించారు. అధ్యక్షుడు జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించి పథకాలు కుమ్మరిస్తున్న రోజులవి. సదుద్దేశంతో తలపెట్టిన పని కూడా జనంలోకి దిగేసరికి అనుకోని ఫలితాలిస్తుందనీ, మనుషుల అలవాట్లను వాషింగ్టన్‌లో కూర్చుని తిరగరాయలేమనీ ఆ పత్రిక లెక్కలతో సహా వాదించింది. క్రిస్టల్ చదువుకునే రోజుల్లో ట్రాట్‌స్కీ పక్షం. సిటీ కాలేజీ భోజనశాలలో ఒక మూల చేరి, పక్క మూలనున్న స్టాలిన్ పక్షం వాళ్లతో కయ్యానికి దిగిన బృందంలో ఒకడు. సిద్ధాంతాల మత్తు అనుభవించి బయటపడ్డవాడి అనుమానం కనుక, దానిపై నాకు ఇప్పటికీ గౌరవమే.

విదేశాంగంలోనూ ఆ వివేకం కొంతకాలం నిలిచింది. ప్రజాస్వామ్యానికి కావలసిన అలవాట్లు కుదరడానికి దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలే పడతాయని 1979లో రాసిన జీన్ కర్క్‌పాట్రిక్‌ను రీగన్ ఐక్యరాజ్యసమితికి రాయబారిగా పంపాడు. సోవియట్ యూనియన్ కూలిన తర్వాతే వీళ్లకు తల తిరిగిందని నా అభిప్రాయం. (ఇరాక్ యుద్ధం నాటి ఉపాధ్యక్షుడు ఛేనీ, రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌లను నేను ఈ కోవలో చేర్చను, వాళ్లకు కావలసింది అమెరికా బలం, ఈ మేధావులు దానికి ఆదర్శమనే రంగు పూశారు.)

2003 ఫిబ్రవరిలో సైన్యాధిపతి ఎరిక్ షిన్‌సెకి, యుద్ధం ముగిశాక ఇరాక్‌ను అదుపులో ఉంచడానికి కొన్ని లక్షల సైనికులు కావాలని సెనేట్ కమిటీ ముందు చెప్పాడు. రెండు రోజుల తర్వాత నియోకాన్లలో ముఖ్యుడైన రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ మరో కమిటీ ముందు ఆ అంచనాను కొట్టిపారేస్తూ, సద్దామ్‌ను దించడానికి పట్టే బలగం కన్నా ఆ తర్వాత శాంతి నిలపడానికి ఎక్కువ పట్టడం ఊహకందదన్నాడు. మే నెలలో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశారు. తుపాకీ పట్టడం తెలిసిన లక్షల మంది ఒక్క ఉత్తర్వుతో వీధిన పడ్డారు. జాన్సన్ పథకాల్లో ఇంతకు పదో వంతు అజాగ్రత్త కనిపించినా క్రిస్టల్ పత్రిక చీల్చి చెండాడి ఉండేది.

వీళ్లను చివరికి గెంటింది వామపక్షం కాదు, సొంత రిపబ్లికన్ పార్టీ ఓటర్లు. 2016 ఫిబ్రవరిలో, మాజీ సైనికులు దండిగా ఉన్న సౌత్ కరోలినాలో, బుష్ తమ్ముడు జెబ్ ఎదుటే ట్రంప్ ఇరాక్ యుద్ధం పెద్ద తప్పన్నాడు. వారం తిరిగేసరికి పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక పోటీలో అక్కడే గెలిచాడు, జెబ్ ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకున్నాడు. సద్దామ్‌ను దించాలని ఏళ్ల తరబడి పట్టుబట్టిన ‘వీక్లీ స్టాండర్డ్’, ఇర్వింగ్ కుమారుడు విలియం క్రిస్టల్ 1995లో ఇతరులతో కలిసి స్థాపించిన వారపత్రిక, 2018 డిసెంబరులో మూతపడింది. తండ్రి పత్రిక అంతకు చాలా ముందే, బాగ్దాద్‌లో బాంబులు పేలుతున్న 2005లో, ఆగిపోయింది.