ఇన్‌కాగ్నిటోలో మిమ్మల్ని ఎవరూ చూడలేరా?

ఇన్‌కాగ్నిటో అంటే గూగుల్ వారి క్రోమ్ బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండో. దాని గురించి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "ఇన్‌కాగ్నిటో విండోలో ఏం చూసినా ఎవరికీ తెలియదు. ఆఫీసుకు, నెట్ కంపెనీకి కూడా. దొంగచాటుగా చూసినందుకు కోర్టు గూగుల్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది కాబట్టి అదీ ఇక చూడదు. వైరస్ భయం కూడా లేదు" అని దాని సారాంశం.

ముందు జరిమానా సంగతి. మిగతా మాటలను జనం నమ్ముతున్నది దీన్ని చూసే. 2020 జూన్‌లో కొందరు యూజర్లు కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో గూగుల్‌పై కేసు వేశారు. ప్రైవేట్ విండోలో ఉన్నప్పుడు కూడా సైట్లలోని గూగుల్ అనలిటిక్స్ (సైట్‌కు ఎవరు వస్తున్నారో లెక్కించే సాధనం), ప్రకటనల కోడ్ తమ వివరాలు లాగుతున్నాయన్నది ఫిర్యాదు. 500 కోట్ల డాలర్లు వాళ్లు అడిగిన మొత్తం, కోర్టు వేసింది కాదు. 2023 డిసెంబరులో రాజీ కుదిరింది. 2024 ఏప్రిల్‌లో బయటికొచ్చిన షరతుల ప్రకారం, పోగేసిన వందల కోట్ల రికార్డులను గూగుల్ తొలగించాలి. ఇన్‌కాగ్నిటోలో వేరే సైట్ల కుకీలను (మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో ఉంచే చిన్న ఫైళ్లను) ఐదేళ్లు అడ్డుకోవాలి. యూజర్లందరికీ పంచే పరిహారం మాత్రం ఒక్క డాలరు కూడా లేదు. తప్పు చేశామని గూగుల్ ఒప్పుకోనూ లేదు.

గూగుల్ ఇక చూడదా? ఆ కేసు తర్వాత గూగుల్ మార్చిన హెచ్చరికలోనే జవాబుంది. సైట్లు, అవి వాడే సేవలు, గూగుల్‌తో సహా, డేటా సేకరించే తీరు మారదని ఇన్‌కాగ్నిటో ట్యాబ్ మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. పైగా ఆ విండోలోనే మీ జీమెయిల్‌లోకి లాగిన్ అయితే ఇక దాపరికం ఎక్కడిది?

ఆఫీసు, నెట్ కంపెనీ మాటకొస్తే, మీ ట్రాఫిక్ వెళ్లేది ఆ దారినే. పేజీలో ఏం చదివారో ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చే పద్ధతి) దాస్తుంది కానీ ఏ సైట్‌కు వెళ్లారో సాధారణంగా తెలుస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే చదివింది కూడా తెలియవచ్చు. మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు) ప్రతి సైట్‌కూ మామూలుగానే చేరుతుంది.

వైరస్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దొంగ ఫైల్ ఏ విండోలో దించుకున్నా దొంగ ఫైలే.

మరి ఈ మోడ్ చేసేదేమిటి? హిస్టరీని, కుకీలను ఆ కంప్యూటర్‌లో మిగల్చదు, అంతే. వేరేవాళ్ల కంప్యూటర్‌లో మెయిల్ చూసుకోవాల్సి వస్తే అదే పెద్ద మేలు. కాకపోతే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండోలన్నీ ఒకే సెషన్. మీరు వాడింది మూసేసినా, ఇంకొకటి కింద మినిమైజ్ అయి ఉంటే లాగిన్ అలాగే ఉంటుంది. తర్వాత కూర్చున్నవాళ్లు కొత్తది తెరిస్తే మీ ఇన్‌బాక్స్ నేరుగా వచ్చేస్తుంది. దించుకున్న పీడీఎఫ్ కూడా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, దాన్ని మీరే తీసేయాలి.